తాడు లాగిన తరువాత

మా చిన్నాన్న జగ్గయ్య ప్రమాణం చేసినప్పుడు ఆయన చేతుల మీద నా తమ్ముడి రక్తం ఇంకా ఆరలేదు.

బొగ్గు యార్డులో బెల్టు చివర తిరిగే ఇనప డ్రమ్ములో నుంచి నాగబాబును బయటికి తీసింది ఆయనే. ఒక్కసారిగా తియ్యడానికి వీల్లేకపోయింది. కొంచెం కొంచెంగా తీసి, పట్టా మీద సర్ది, పైన తన లుంగీ కప్పాడు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి ఆయన ఒంటి మీద డ్రాయరుతోనే నిలబడి ఉన్నాడు. పోలీసులు నన్ను గుర్తుపట్టమన్నారు. నేను లుంగీ ఎత్తబోయాను.

"పైన సూడకు కళమ్మా. అక్కడ ఆడు లేడు," అన్నాడు చిన్నాన్న. "కాళ్ళు సూడు."

ఎడమ మడమ మీద చిన్నప్పటి గాలం మచ్చ చూసి అవునన్నాను.

అప్పుడాయన డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ ఉన్న మా పేట మగవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. "ఇది ఎవుడు సేసినాడో ఆడ్ని ఇదే డ్రమ్ములో ఎడతాను. ఎట్టిందాకా సముద్రంలో కాలెట్టను. గంగాలమ్మ సాచ్చి."

మేం జాలరిపేట వాళ్ళం. గంగాలమ్మ మీద ఒట్టు వేసి తప్పినవాడితో మా పేటలో ఎవరూ బోటెక్కరు. చిన్నాన్న ఆ మాట అన్నాక ఇక ఇద్దరే మిగిలారు. చావవలసిన మనిషి, లేకపోతే తిండి లేని చిన్నాన్న. ఆ మనిషి ఎవరో అప్పటికి మాకు తెలియదు.

ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ మా మగవాళ్ళు బొగ్గు యార్డులో కూలికి పోతారు. ఓడల్లో వచ్చిన బొగ్గు బెల్టుల మీద యార్డుకు, యార్డు నుంచి రైలు పెట్టెల్లో స్టీలు ఫ్యాక్టరీకి పోతుంది. తడి బొగ్గు డ్రమ్ముకు ముద్దలా అంటుకుంటుంది. అది పెరిగితే బెల్టు పక్కకు జరిగి చిరిగిపోతుంది. ఎవరో ఒకరు డ్రమ్ము దగ్గరి కంతలోకి వంగి గునపంతో ఆ ముద్దను రాల్చాలి. బెల్టు పొడవునా ఎర్ర తాడు కట్టి ఉంటుంది. లాగితే బెల్టు ఆగాలి. ఆగాక సూపర్‌వైజరు వచ్చి, అది మళ్ళీ నడవకుండా మీటకు తాళం వెయ్యాలి. అప్పుడు వంగాలి. అది నియమం. ఓడ రేవులో నిలిచి ఉన్నప్పుడు సూపర్‌వైజరు రాడు. దూరం నుంచి "కానీండ్రా, కానీండి" అని కేక వేస్తాడు.

ఒకప్పుడు తాడు లాగిన వెంటనే బెల్టు ఆగేదట. తరువాత కొంచెం ఆలస్యంగా ఆగడం మొదలైంది. ధూళిలో లోపల డ్రమ్ము కనపడదు. పక్క బెల్టుల హోరులో ఇది ఆగిందో లేదో చెవికి తెలియదు. అందుకని చిన్నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు మేం పాడే పదం ఒకటి ఉంది. "ఏలో గంగాలమ్మో, ఒడ్డుకు రాయే తల్లో" అని మొదలై, వల మీద చేతులు మారేదాకా సాగుతుంది. తాడు లాగి ఆ పదం ఒకసారి మొదటి నుంచి చివరిదాకా అనాలి. అయ్యాక వంగాలి. మా వాళ్ళు ఎంతమంది పాడినా అది ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తుంది. పసితనం నుంచీ ఒంట్లో ఉన్న పదం. వరసగా కొన్ని వేసవులు ఆ పద్ధతితో ఒక్కరికీ గోరు కూడా ఊడలేదు. మిగతా నెలల్లో పద్మనాభం వైపు ఊళ్ళ నుంచి వచ్చే కూలీలు తాడు లాగి, బీడీ ముట్టించి, అది కాలాక లేస్తారట. మా వాళ్ళు వాళ్ళను చూసి నవ్వేవారు.

నాగబాబు తాడు లాగాడు. పదం అన్నాడు. పక్కనున్నవాళ్ళు విన్నారు. అయ్యాక వంగాడు. ముందు గునపం వెళ్ళింది, తరువాత చెయ్యి, తరువాత భుజం, తల.

మరునాడు శవాన్ని యార్డు గేటు ముందు పెట్టాం. యార్డు మేనేజరు సన్యాసిరాజు గేటు అవతలే నిలబడి మాట్లాడాడు.

"తాడు లాగాడా, లేదా?" అని అడిగాను.

"లాగాడమ్మా. కంప్యూటర్లో పడింది."

"మరి?"

"ఆగకముందే వంగాడు. తొందరపడ్డాడు. మానవ తప్పిదం."

ఆ మాట పూర్తి కాకముందే మొదటి రాయి ఆయన చెవికి తగిలింది. తరువాత రాళ్ళు ఆగలేదు. కాపలా గది అద్దాలు, కార్ల అద్దాలు పగిలాయి. మా పేట ఆడవాళ్ళు గేటు తోసి లోపలికి పోయారు. చేపలమ్ముకునే మా అమ్మ తవిటమ్మ సన్యాసిరాజు చొక్కా పట్టుకుని, తలను గోడకు కొట్టింది, మళ్ళీ కొట్టింది. పోలీసుల లాఠీ చిన్నాన్న నెత్తి మీద పడి చర్మం చీలింది. ఆయన పట్టించుకోలేదు. ఒక కానిస్టేబులు నోట్లో నుంచి పన్ను రాలడం చూశాను. అతను దాన్ని వెతుక్కోవడానికి వంగినప్పుడు ఎవరో వీపు మీద తన్నారు.

"నన్నెందుకు చంపుతారు?" అని సన్యాసిరాజు నేల మీద నుంచి అరిచాడు. "తాడు ఇప్పుడు నా చేతిలో లేదు! రుషికొండ ఆఫీసు వాళ్ళ సాఫ్ట్‌వేరు చేతిలో ఉంది. పెట్టినవాడు సింహాద్రి! పద్మనాభం కుర్రాడు, మధురవాడలో ఉంటాడు. వాణ్ణి అడగండి!"

అమ్మ చెయ్యి ఆగింది. చిన్నాన్న కళ్ళలోకి కారుతున్న రక్తం తుడుచుకుని, "ఏటి పేరన్నావ్?" అన్నాడు.

సన్యాసిరాజు మళ్ళీ చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, వాళ్ళకు గుర్తుండేలా చెప్పాడు.

ఆ సాయంత్రమే మా వాళ్ళు మధురవాడ వెళ్ళారు. సింహాద్రి గదిలో లేడు. అపార్టుమెంటు వాచ్‌మన్ చెయ్యి విరిచి, సింహాద్రి బైకును కాల్చి వచ్చారు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ అన్నం తిన్నారు. నేనే వడ్డించాను. వద్దని ఎవరికీ చెప్పలేదు.

యార్డులో ఒక ఆచారం ఉంది. యంత్రం మనిషిని తీసుకుంటే, దాన్ని మళ్ళీ నడిపే ముందు జట్టువాళ్ళు మేకను బలి ఇస్తారు. చచ్చినవాడి ఇంటివాళ్ళే డ్రమ్ముకు మొదటి బొట్టు పెట్టాలి. పైవాళ్ళు దీన్ని ఆపరు. ప్రసాదం కూడా తీసుకుంటారు. బెల్టు మళ్ళీ నడిపే రోజు ఉదయం మమ్మల్ని పిలిచారు. గేటు దగ్గర పోలీసులు చిన్నాన్న నడుములో చెయ్యి పెట్టి వెతికారు. మేకనూ, పళ్ళెంలో పసుపు పూసిన కత్తినీ వదిలేశారు. వాళ్ళు గేటు దగ్గరే ఉండిపోయారు.

ఆ రోజు మిగతా బెల్టులన్నీ ఆపారు. ధూళి లేదు. బొట్లు పెట్టడానికి వీలుగా డ్రమ్ము మీది రేకు విప్పి పక్కన పెట్టారు. నా తమ్ముణ్ణి మింగిన చోటును మొదటిసారి తేటగా చూశాను. నీళ్ళు పెట్టి కడిగారు. మూలల్లో కడగలేదు. అమ్మ కుంకుమ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మెట్ల మీద ఆపరేటరు క్యాబిన్ ఉంది. ఆపరేటరు యాసిన్, పాతనగరం కుర్రాడు, నాగబాబుతో కలిసి క్రికెట్ ఆడేవాడు. అతని పక్కన కళ్ళజోడు పెట్టుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక సన్నటి మనిషి కూర్చుని ఉన్నాడు. యాసిన్ మెట్లు దిగి వచ్చి చిన్నాన్న చెవిలో ఏదో అన్నాడు.

"ఆడే?" అన్నాడు చిన్నాన్న.

"ఆడే బాబాయ్. సింహాద్రి. సాఫ్ట్‌వేరు ఆన్ సెయ్యడానికి మేనేజరు తీసుకొచ్చినాడు."

మెట్ల కిందే నిలబడి ఉన్న సన్యాసిరాజు ఈ మాట విన్నాడు. ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గేటు వైపు నడిచిపోయాడు. వెనక్కి చూడలేదు.

వాళ్ళు సింహాద్రిని మెట్ల మీద నుంచి కాళ్ళు పట్టుకుని లాక్కొచ్చారు. ప్రతి మెట్టుకూ తల తగిలింది. కింద యాసిన్ తన హెల్మెట్ విప్పి దానితో అతని నోటి మీద కొట్టాడు. కళ్ళజోడు ఎవరి కాలి కిందో చితికింది. మేకకు కట్టిన తాడు విప్పి అతని రెండు చేతులూ ముందుకు కట్టారు. మేక బొగ్గు కుప్ప వైపు పరుగెత్తింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

"నడపరా యాసినూ," అన్నాడు చిన్నాన్న. "ఈడి తాడు ఎంతసేపటికి ఆగతాదో ఈడే సూస్తాడు."

"ముందు నన్ను మాట్లాడనివ్వండి," అన్నాను.

"ఏటి మాటాడతావే?" అంది అమ్మ. "పాటం సెప్తావేటి ఈడికి? పరీచ్చ ఎడతావేటి?"

"అడుగుతాను. నా తమ్ముడు ఎలా పోయాడో నాకు తెలియాలి."

చిన్నాన్న నన్ను చూశాడు. గుప్పిట్లో పట్టుకున్న సింహాద్రి జుట్టు వదలకుండానే, "అడుగు," అన్నాడు.

నేను సింహాద్రి ఎదుట కూర్చున్నాను. అతని పై పెదవి రెండుగా చీలి ఉంది. వయసు నాగబాబు వయసే ఉంటుంది.

"నువ్వు పెట్టింది ఏమిటి?"

"లేయర్ మేడమ్. ఇంకో పొర."

"దేని మీద?"

అతను రక్తం ఉమ్మాడు. "ముందు ఈ తాడు నేరుగా మోటారు కరెంటునే కోసేసేది మేడమ్. సముద్రం గాలికి తాడు ఊగి ఊరికే ఆగిపోతోందని ఒక కంపెనీ నడుమ ఒక పెట్టె పెట్టింది. నిజంగా లాగారా, గాలా అని అది చూస్తాది. తరవాత వచ్చినవాళ్ళు ఆ పెట్టెను తియ్యలేదు. అది చెప్పిందాన్ని తమ కంప్యూటరు భాషలోకి మార్చే పొర పెట్టారు. ఆ తరవాతోళ్ళు దాన్ని మళ్ళీ పాత భాషలోకి మార్చి హెడ్డాఫీసు తెరకు పంపే పొర పెట్టారు. ఆ తెర సరే అంటేనే ఆపమన్న మాట కిందకొస్తాది. మేం ఆ మూడింటినీ ఒకే చోట చూపించేది పెట్టాం."

"ఆ మూడూ తీసేశారా?"

"లేదు మేడమ్. వాటి పైన పెట్టాం. పాతవి ముట్టుకోవద్దన్నారు. ఏది తీస్తే ఏది ఆగిపోద్దోనని అందరికీ భయం. ఎవరు పెట్టారో వాళ్ళిప్పుడు లేరు."

"నీ పొర చేసే పని ఏమిటి?"

అతను తల దించుకున్నాడు. చిన్నాన్న అతని జుట్టు లాగి తల వెనక్కి వంచాడు.

"ఏమీ చెయ్యదు," అన్నాడు సింహాద్రి. "వచ్చినదాని పేరు మార్చి పంపిస్తాది. అంతే."

"ఏట్రా?" అన్నాడు చిన్నాన్న. "వల మీద వల, వల మీద వల ఏసీసి, ఏ వల ఎందుకేసినారో మీకే తెల్దంతావ్. సేప మా ఇంట్లోది పోనాది!"

"ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"మామూలుగా తక్కువే మేడమ్. సగటున..."

"నేను సగటు అడగలేదు."

"ఓడ లెక్కలు కూడా అదే దారిలో పోతాయి. బెల్టులు ఆపినా అవి ఆగవు. అవి ఎక్కువ వచ్చినప్పుడు తాడు మాట వాటి వెనక వరసలో నిలబడతాది. ప్రతి పొర దగ్గరా నిలబడతాది."

"అది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఒకసారి చెప్పాను. తరవాత చూద్దాం అన్నారు. రెండోసారి చెప్పలేదు." అతను ఏడుస్తున్నాడు. "ఇవాళ పొద్దున వచ్చి తీగలు చూసేదాకా నేనీ యార్డుకు ఎప్పుడూ రాలేదు మేడమ్. రుషికొండలో కూచునే చేశాను. అక్కడ టెస్టు చేస్తే ఆగింది."

యాసిన్ అతని పక్కటెముకల మీద బూటుతో తన్నాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను లేచి నిలబడ్డాను.

"యాసిన్, క్యాబిన్‌లోకి పో. బెల్టు నడుపు. చిన్నాన్నా, నువ్వు తాడు లాగు. ఇవాళ డ్రమ్ము కనిపిస్తోంది. ఎప్పుడు ఆగుతుందో అందరం చూద్దాం."

"సూసినాక?" అన్నాడు చిన్నాన్న.

"తరువాత నీ ఇష్టం."

ఆ మాట నేనే అన్నాను. సింహాద్రి నా ముఖంలోకి చూశాడు.

యాసిన్ మెట్లెక్కాడు. బెల్టు కదిలింది. వేగం అందుకునేదాకా చిన్నాన్న ఆగి, రెండు చేతులతో ఎర్ర తాడు లాగాడు. లాగీ లాగగానే ఆయన నోటి నుంచి పదం వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మా వాళ్ళందరూ అందుకున్నారు. ఏలో గంగాలమ్మో. అది అలవాటు. చేతుల్లో తాడు పడితే నోట్లో పదం వస్తుంది. చివరిదాకా అన్నారు. ముగించారు.

డ్రమ్ము తిరుగుతోంది.

తగ్గలేదు. అదే వేగంతో తిరుగుతోంది. కుంకుమ బొట్లు గీతలుగా కనిపిస్తున్నాయి. వెనక నుంచి ఎవరో గొంతు తగ్గించి పదాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కొందరే కలిశారు. అదీ అయిపోయింది. డ్రమ్ము తిరుగుతూనే ఉంది. మూడోసారి ఎవరూ పాడలేదు. పెదవులు మాత్రం కదిలాయి. సగం అయ్యాక డ్రమ్ము నెమ్మదించి ఆగింది.

మా వాళ్ళు తమ చేతులు చూసుకున్నారు. ఈ వేసవి వాళ్ళలో ప్రతి ఒక్కరూ పదం ఒకసారి అని ఆ కంతలోకి వంగినవాళ్ళే. ఓడ లెక్కలు తక్కువగా ఉన్న పూట వంగారు గనక బతికారు. కిందటి జూన్‌లో వాళ్ళు సముద్రానికి తిరిగి వెళ్ళిపోయాక కొత్త పొర వచ్చింది. ఏప్రిల్‌లో వాళ్ళు పాత లెక్కతో తిరిగి వచ్చారు. మారిందని వాళ్ళకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పదంతో లెక్కపెడుతున్నారని ఎవరికీ తెలియదు కాబట్టి.

అమ్మ చిన్నాన్న దగ్గరికి నడిచింది.

"పదం నా కొడుక్కి ఎవుడు నేర్పినాడు?" అని అడిగింది.

"వొదినా..."

"ఎవుడు నేర్పినాడ్రా?"

"ఇన్నేళ్ళు సరిపోనాది వొదినా. నీ మీదొట్టు, సరిపోనాది."

"ఇప్పుడు సరిపోనేదు," అంది అమ్మ. ఆయన ముఖం మీద ఉమ్మింది.

ఆయన తుడుచుకోలేదు. కోపంలో చిన్నాన్నను చాలాసార్లు చూశాను. అప్పుడు ఆయన ముఖంలో ఉన్నది అది కాదు. "పదం తప్పు కాదు," అన్నాడు. "గంగాలమ్మ పదం తప్పవదు. యాసినూ! నడపరా!" అని అరిచాడు.

క్యాబిన్‌లో ఉన్న యాసిన్‌కు ఆ కేక తప్ప కింది మాటలేవీ వినపడలేదు. ఇంకోసారి చూడబోతున్నామనుకున్నాడట. మీట నొక్కాడు.

చిన్నాన్న సింహాద్రిని మెడ పట్టుకుని లేవదీశాడు. డ్రమ్ము మీదికి వంచి, కట్టిన చేతులను బెల్టుకూ ఇనుముకూ నడుమ తోశాడు. కుడిచెయ్యి ముందుంది. అది లోపలికి పోయింది. ఆ అరుపు మనిషి అరుపులా లేదు. మా వాళ్ళు ముగ్గురు చిన్నాన్న మీద పడ్డారు. మిగిలినవాళ్ళందరూ ఎర్ర తాడు మీద పడ్డారు. పదిమంది ఒకేసారి లాగారు. తాడు తెగేలా లాగారు. పైన యాసిన్ ఆపే మీట నొక్కుతూనే ఉన్నాడు, అదీ ఆ పొరల గుండానే రావాలి. బెల్టు ఆగలేదు. ఆ తాడు చెప్పిన మాట ఎక్కడో ఏ పొర దగ్గరో నిలబడి ఉంది. ఇక్కడ చెయ్యి మణికట్టు దాటి పోతోంది.

"తాడు కాదు!" అని సింహాద్రి అరిచాడు. "తీగ! స్తంభం మీద! బూడిద రంగుది! నరకండి!"

బలి కత్తి నా కాళ్ళ దగ్గర పళ్ళెంలో ఉంది. అది చేతిలోకి ఎలా వచ్చిందో గుర్తు లేదు. స్తంభం వెంట పెట్టెల నుంచి మోటారు వైపు దిగే తీగ ఒకటే బూడిద రంగులో ఉంది. నా బలమంతా పెట్టి కొట్టాను. మొదటి దెబ్బకు తొడుగు చీలింది. రెండో దెబ్బకు నిప్పురవ్వ లేచి కత్తి నా చేతి నుంచి ఎగిరిపోయింది.

బెల్టు ఒక్క కుదుపుతో ఆగింది. నరకడానికీ ఆగడానికీ నడుమ ఏమీ లేదు.

సింహాద్రి చెయ్యి మోచేతి దగ్గరిదాకా నలిగిపోయింది. చిన్నాన్న తోసిన చేతిని వదల్లేదు కాబట్టి ఆయన వేళ్ళు మూడు కూడా దానితో పోయాయి. డ్రమ్మును వెనక్కి తిప్పి ఇద్దరినీ బయటికి తీశారు. నా చీర కొంగు చింపి సింహాద్రి చేతికి బిగించి కట్టాను. అతను నా భుజాన్ని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు.

ఆసుపత్రి వరండాలో సన్యాసిరాజు నా దగ్గరికి వచ్చాడు. చెవికి ఇంకా కట్టు ఉంది.

"చూడండి టీచర్ గారూ, అయ్యిందేదో అయ్యింది. పూజలో తోపులాట, ఆ అబ్బాయి కాలు జారి పడ్డాడు. మీరంతా ఒకే మాట మీద ఉండండి, మీ చిన్నాన్న మీద కేసుండదు. తాడు సంగతి కూడా ఎవరూ ఎత్తరు. రెండు వైపులా మంచిది."

అమ్మ పక్కనే ఉంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒప్పుకోయే కళా. పోయినోడు పోనాడు. ఉన్నోడ్ని జైలుకి పంపిత్తావా?" అంది.

ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగినప్పుడు నేను చూసింది చెప్పాను. మా చిన్నాన్న ఆ అబ్బాయి చేతిని డ్రమ్ములో పెట్టాడు. బెల్టు నడపమని మొదట చెప్పింది నేను. తాడు లాగాక బెల్టు చాలాసేపు ఆగలేదు. నా తమ్ముడు పోయిన రోజూ అలాగే ఆగలేదు.

"ఇన్నెందుకమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీకు కావలసింది ఒకటి చెప్పండి."

"ఒకటి దాచి ఇంకొకటి చెబితే రెండోది ఎవరు నమ్ముతారు?"

వరండాలోనే అమ్మ నన్ను కొట్టింది. చెంప మీద, తల మీద, అందినచోటల్లా కొట్టింది. ఆమె చేతి గాజు పగిలి నా కనుబొమ తెగింది. ఎవరూ ఆపలేదు. నేను ఆపమని అడగలేదు. ఆమె అలసిపోయాక గోడకు ఆనుకుని కూర్చుంది.

సింహాద్రి చెయ్యి మోచేతి కింద తీసేశారు. నేను చూడడానికి వెళ్ళిన రోజున అతని తల్లి నన్ను గదిలోకి రానివ్వలేదు. మరునాడు మళ్ళీ వెళ్ళాను. ఆ రోజూ రానివ్వలేదు. ఆ తరువాత ఒక రోజు అతనే రమ్మన్నాడు.

"కొత్త టెండరు పిలిచారట మేడమ్," అన్నాడు. పెదవి కుట్ల వల్ల మాట ఇంకా సరిగ్గా రావడం లేదు. "తాడు మాట ఆలస్యమైతే కనిపెట్టి చెప్పే సాఫ్ట్‌వేరు. ఉన్నవాటి మీదే పెడతారట."

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"విచారణలో అంతా చెబుతావా?" అని అడిగాను.

"మీ చిన్నాన్న గురించా?"

"దాని గురించీ. దీని గురించీ."

అతను మిగిలిన చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "రెండోసారి చెప్పలేదన్నాను కదా మేడమ్," అన్నాడు. "ఈసారి చెబుతాను."

చెప్పాడు. కోర్టులో నిలబడి, ఏ పొర ఎవరు పెట్టారో, తనది ఎందుకు దండగో, ఎవరికి ఒకసారి చెప్పి ఊరుకున్నాడో చెప్పాడు. కంపెనీ వకీలు లేచి, "కాబట్టి మృతుడు ఇంకాసేపు ఆగి ఉంటే బతికేవాడు, అంతేనా?" అని అడిగాడు.

"ఎంతసేపు ఆగాలో నాకే తెలియదు సార్," అన్నాడు సింహాద్రి. "అతనికెలా తెలుస్తుంది?"

తన చెయ్యి ఎవరు తోశారో కూడా చెప్పాడు. వేలెత్తి చూపించాడు. చిన్నాన్న తల దించుకోలేదు.

వ్యాను ఎక్కించే ముందు కోర్టు ఆవరణలో చిన్నాన్న నన్ను పిలిచాడు. వేళ్ళు పోయిన చేతిని ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు.

"నన్ను పట్టించీసినావు కళమ్మా."

"అవును చిన్నాన్నా."

"బెల్టు నడిపిత్తన్నారేటి?"

"లేదు. విచారణ తేలేదాకా నడపకూడదన్నారు."

"మనోళ్ళెవులైనా ఎల్తన్నారా అటు?"

"ఎవరూ వెళ్ళడం లేదు."

ఆయన కాసేపు నేల వైపు చూశాడు. "ఆ గుంటడు గట్టిగానే సెప్పినాడు," అన్నాడు. "నాగబాబుది తప్పు కాదని అందరూ ఇన్నారు కదా?"

"విన్నారు."

"మీ అమ్మకి సెప్పు."

చెబుతానన్నాను. అమ్మ నాతో మాట్లాడడం మానేసిందని ఆయనకు చెప్పలేదు. కానిస్టేబులు తలుపు వేశాడు. వ్యాను వెళ్ళిపోయాక నేను బస్సు స్టాపుకు నడిచాను. మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి పాఠం ఉంది.